కొంగు చాచి అడిగిన ఆకు

ఇవాళ పొద్దున నా మనుమడు చాయ్ పెట్టి తెచ్చిచ్చాడు. పాలు పోసిన చాయ్. మీసాలొచ్చిన పిల్లవాడు, పొయ్యి ముఖం చూడటమే అపురూపం, పైగా నేను అడగలేదు. గ్లాసు అందుకుని అలాగే కూర్చుండిపోయాను. "చల్లారిపోతది అమ్మమ్మా, తాగు" అని గసిరి వెళ్ళాడు. ఆ చాయ్ తాగాక గానీ ఇది రాసే హక్కు నాకు రాలేదు. ఎందుకో చెప్పాలంటే అరచేతి వెడల్పు కూడా లేని ఒక మొక్క గురించి, పోయి చాలా ఏళ్ళయిన మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఇద్దరిలో ఎవరు గొప్ప అంటే నేనిప్పటికీ తేల్చుకోలేను.

ఆ మొక్కను మీరంతా ఎప్పుడో ఒకప్పుడు తొక్కే ఉంటారు. పుస్తకాల్లో రెడ్డివారి నానుబాలు అని రాస్తారు, ఆయుర్వేదం చదివినవాళ్ళు దుగ్ధిక అంటారు. పైకి లేవడం చేతకానట్టు నేలకు అతుక్కుని పాకుతుంది. సన్నటి ఎర్రని కాడలు, మెంతిగింజంత ఆకులు. అరుగు రాళ్ళ సందుల్లో, బండ్లు తిరిగే బాట అంచుల్లో, ఎవరూ ఒక చుక్క నీళ్ళు పోయని చోటే పుడుతుంది. తుంచితే మాత్రం తెల్లటి పాలు. ఎండిన నేలలోంచి, రాళ్ళ మధ్యలోంచి ఆ పాలు ఎక్కడ దొరికాయి దానికి? నేనెన్నిసార్లు చూసినా నోరు తెరుచుకునే చూస్తాను. అత్తమ్మ దాన్ని పేరు పెట్టి పిలిచేది కాదు. పాలతల్లి అనేది.

అత్తమ్మది కాటారం దిక్కున అడవి అంచు ఊరు. చిన్నప్పుడే జనగామకు కోడలై వచ్చింది. మాది బజారులో కిరాణా దుకాణం, పైన మేడ మీద కాపురం. గల్లా దగ్గర మామయ్య కూర్చునేవారు గానీ దుకాణం నడిపింది మాత్రం అత్తమ్మ గొంతే. లోపలి నుంచి ఆమె ఒక్క కేక వేస్తే బస్తాలు దించే హమాలీలు బీడీలు ఆర్పి చెవి మీద పెట్టుకునేవారు. ఎవరి ముందూ వంగని మనిషి. గుడికి వెళ్ళినా నిలబడే దండం పెట్టేది, మోకాలు నేలకు ఆనించగా నేను చూడలేదు. ఆమెను లొంగదీసేది లోకంలో ఒకటే ఉండేది, పాలు. చిక్కటి బర్రెపాలు పొద్దునా రాత్రీ ఇత్తడి చెంబుతో తాగాలి. పాలగిన్నె అడుగున అంటుకున్న గోకు ఆమెకే దక్కాలి. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి తెలియక ఆ గోకు నేను గీకి తినేశాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు మహాతల్లి. నేనేమన్నా తక్కువదాన్నా, నేనూ మాట్లాడలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ కావాలని పిల్లలు బడులు, కాలేజీలు విడిచి రోడ్డెక్కినప్పుడు నేను నిండు నెలలతో ఉన్నాను. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. నా పుట్టిల్లు మహబూబాబాద్, మా నోటికి మానుకోట. రైలెక్కితే తొందరగానే పోవచ్చు, కానీ ఆ రోజుల్లో రైలు ఎప్పుడు కదులుతుందో, ఎక్కడ ఆపేస్తారో చెప్పే మొనగాడు లేడు. బస్సుల సంగతి సరేసరి. చివరికి అత్తగారింట్లోనే కన్నాను. అమ్మ రాలేకపోయిందన్న ఏడుపు ఒకపక్క, ఈమె చేతిలో పడ్డానన్న కోపం ఒకపక్క.

ఆడపిల్ల పుట్టింది. నాకు పాలు పడలేదు.

పిల్ల రొమ్ము పట్టి లాగేది, లాగి లాగి అలసిపోయి గుక్కపట్టి ఏడ్చేది. డబ్బా పాలకోసం మామయ్య ఊరంతా తిరిగారు. మాదే కిరాణా దుకాణం, మా దగ్గరే లేదు, వరంగల్ నుంచి సరుకు రాక ఎన్నాళ్ళయిందో. బర్రెపాలలో నీళ్ళు కలిపి దూదితో పిండితే కక్కేసింది. పక్కింటామె జాలిపడి రెండు మూడుసార్లు తన పాలిచ్చింది, కానీ ఆమె బిడ్డకే చాలవు. దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చి చూసి, పిల్ల సొమ్మసిల్లుతోంది, ఎట్లాగైనా తల్లిపాలు పట్టించమని చెప్పి వెళ్ళింది. ఎట్లా పట్టించాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రానికి పిల్ల ఏడవడం మానేసింది. మా ఇంట్లో వాళ్ళు నిద్రపోతోంది కాబోలు అనుకున్నారు. నాకు తెలుసు, ఏడవడానికి సత్తువ లేక మానేసింది. నా ప్రాణం పోయినట్టే ఉంది.

అత్తమ్మ వచ్చి పిల్ల పెదవుల మీద వేలు పెట్టి చూసింది. నన్ను ఒక్క ఓదార్పు మాట అనలేదు. చర్రున లేచి వెళ్ళిపోయింది. ఈమెకు గుండె ఉందా, లేక అక్కడ కూడా తూకంరాయి పెట్టుకుందా అని తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున బంద్. బజారులో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. తొలకరి పడి కొన్ని రోజులయింది. ఎప్పుడూ ఎడ్లబండ్లూ లారీలూ తిరిగి తిరిగి నలగ్గొట్టే ఆ బాట మీద అన్నాళ్ళుగా చక్రం పడలేదు. మా దుకాణం ముందు రాళ్ళ సందుల్లో ఆ మొక్క చాపలు పరిచినట్టు పాకింది. నేను కిటికీ పక్కన మంచంలో పిల్లను పెట్టుకుని ఉన్నాను. కింద చూస్తే, తడిబట్టలతో, చెప్పులు లేకుండా అత్తమ్మ బజారులోకి నడిచింది. నడిబజారులో, అందరి ఇళ్ళ కిటికీల ముందు, రెండు మోకాళ్ళ మీద కూలబడింది. రెండు చేతులతో కొంగు చాచింది.

కిటికీ కిందే గనక ఆమె మాట నాకు వినపడింది.

"పాలతల్లీ, నా ఇంట్ల పసిగుడ్డు ఏడుస్తలేదు, ఏడ్సే సత్తువ లేదు దానికి. దాని కోసం అడుగుతున్న, నాకోసం కాదు. నీ పాలల్ల జరంత దానికియ్యి."

తరువాత ఇంకేదో గొణిగింది. అది నాకు వినపడలేదు.

అప్పుడే ధాన్యం గంజ్ వైపు నుంచి ఊరేగింపు వచ్చింది. జై తెలంగాణ అని గొంతులు చించుకుంటూ బజారు నిండా పిల్లలు. ఈమె లేవదు, వాళ్ళు ఆగరు, తొక్కేస్తారు. ముందు నడుస్తున్న పిల్లవాడు చూశాడు. ముసలిది కాదు, పిచ్చిది కాదు, సావుకారు ఇంటి ఆడమనిషి గడ్డిమొక్క ముందు కొంగు చాచి కూర్చుంది. వాడికి ఏమర్థమైందో, రెండు చేతులూ చాచి వెనకవాళ్ళను ఆపాడు. నినాదాలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. అంతమంది రెండు పాయలుగా చీలి, ఆమెను, ఆమె ముందున్న మొక్కలను తప్పించుకుని, గోడల పక్కనుంచి నడిచారు. ఎవరూ ఏందని అడగలేదు. మలుపు దాటాక మళ్ళీ ఒక్కసారిగా కేకలు. అత్తమ్మ తల కూడా తిప్పలేదు. ఒక్కో మొక్క నుంచి ఒక పక్క కొమ్మలే, వేరు కదలకుండా గిల్లి కొంగులో వేసుకుంటోంది. ఆ దృశ్యం ఇవాళ్టికీ నా కళ్ళ ముందే ఉంది.

ఆ ఆకు కడిగి పెసరపప్పులో వేసి వండి పెట్టింది. ఇదేంటి అత్తమ్మా అంటే నోర్మూసుకుని తినమంది. తిన్నాను. మరుసటి రోజూ తిన్నాను. ఆ తరువాత ఒక తెల్లవారుజామున రవిక తడిసి మెలకువ వచ్చింది. ముందు చెమటనుకున్నాను. పిల్లను దగ్గరకు తీసుకున్నాను. అది రెండుసార్లు లాగి ఆగింది, నమ్మకం కుదరనట్టు. మళ్ళీ పట్టింది. గుటక పడిన చప్పుడు వినిపించింది. నేను బతుకులో చాలా చప్పుళ్ళు విన్నాను, అంత మంచిది మళ్ళీ వినలేదు. తలెత్తి చూస్తే గడపలో అత్తమ్మ. ఆమె కూడా ఆ గుటకలే వింటోంది. విని వెళ్ళిపోయింది.

ఆకు మహిమో, పప్పు బలమో, లేక ఆ బజారులో జరిగింది చూసి నా ఒంట్లో ఏదైనా కదిలిందో నాకు తెలియదు. తరువాత డాక్టర్లను అడిగితే తలో మాట చెప్పారు. చెప్పనీయండి. నా పిల్ల బతికింది.

ఆ రోజుల్లోనే అత్తమ్మ పాలు మానేసింది. నేను వెంటనే గమనించలేదు, బాలింతకు తన ఒళ్ళు తనకే తెలియదు. గమనించి అడిగితే అరుగుతలేదంది. పాలే కాదు, పెరుగు లేదు, మజ్జిగ లేదు. చివరి ముద్ద పచ్చిపులుసుతో తినేది, పాలు లేని చాయ్ తాగేది. ఎవరైనా పాలు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టేది. రెండు మూడుసార్లు వద్దంటే ఇంట్లోవాళ్ళకు అలవాటైపోతుంది గదా. ఆమెకు పాలు పడవట అని మేమే చుట్టాలందరికీ చెప్పుకున్నాం. పెళ్ళిళ్ళకు పోయినా ముందే చెప్పి ఆమెకు వేరే వండించేదాన్ని. ఎంత శ్రద్ధగల కోడలు అని నన్ను మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. నా కూతురు అప్పుడు బడికి వెళ్తోంది. ఒకరోజు తన పాలగ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా నడుస్తూ, వాళ్ళ బాపమ్మ, అంటే మా అత్తమ్మ, దగ్గరకు పోయింది. తాగు బాపమ్మా అంటోంది. అత్తమ్మ చెయ్యి ముందుకు వచ్చింది. నాకు ముక్కు మీద కోపం, ఎప్పటిలాగే అడ్డం పడ్డాను. బాపమ్మకు పడవని తెల్వదా, ఎందుకు పరేషాన్ చేస్తవు, నీ పాలు నువ్వు తాగు, అని గ్లాసు లాక్కున్నాను. అత్తమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. తరువాత ఆ చేత్తోనే పిల్ల తల నిమిరింది. అప్పటి నుంచి పిల్ల మళ్ళీ ఇవ్వలేదు. మంచి పిల్ల, ఒకసారి చెబితే వింటుంది.

ఆ పిల్లే పెరిగి పెళ్ళి చేసుకుని భూపాలపల్లి వెళ్ళింది. అల్లుడిది బొగ్గు గనిలో ఉద్యోగం, కొత్తగా కట్టిన క్వార్టర్లలో కాపురం. కాన్పుకు జనగామ తీసుకొద్దామనుకుంటుండగానే నెల ముందు నొప్పులొచ్చి అక్కడే కనేసింది. నేనూ అత్తమ్మా పరకాల మీదుగా బస్సులో పరుగెత్తాం. అదే దారిలో ముందుకు పోతే కాటారం. అత్తమ్మ దారంతా కిటికీలోంచి తల తీయలేదు.

మగపిల్లవాడు. పిల్లిపిల్లంత ఉన్నాడు. తల్లిపాలు తప్ప ఇంకేదీ వద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నా కూతురికి పాలు చుక్కలు చుక్కలుగా వస్తున్నాయి, వాడికి చాలడం లేదు. ఇప్పుడు దుకాణాల్లో పాలడబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి, అవి పట్టిస్తే వీడికి ఇమడటం లేదు. నా కూతురు గోడవైపు తిరిగి ఏడుస్తుంటే నాకు నా మంచమే కనిపించింది, జనగామలో కిటికీ పక్కన వేసిన మంచం.

క్వార్టర్ల వెనక నల్లా దగ్గర, బొగ్గుపొడి కలిసిన ఆ నల్లటి నేలలో కూడా పాకి ఉంది పాలతల్లి. ఎక్కడని లేదు దానికి! అత్తమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. మీరే తెంపాలి, అడగడం మీకే తెలుసు అన్నాను. మోకాళ్ళు వంగవంది. నేను పట్టుకుంటానన్నాను. కళ్ళు కనపడవంది. చూపిస్తానన్నాను. ఆమె అక్కడున్న రాయి మీద కూర్చుండిపోయింది. నాకు మండిపోయింది. లోపల పసివాడు ఆకలితో ఉంటే ఈమె బింకం ఈమెదే.

"నేను తెంపరాదు బిడ్డా" అంది చివరికి. "పాత ఒట్టు తీరలే. తీరని ఒట్టు మీద ఇంకో ఒట్టు పెడితే ఆ తల్లి ఇనది."

అప్పుడు చెప్పింది, ఆ రోజు బజారులో కొంగు చాచి ఏం గొణిగిందో. వాళ్ళ ఊళ్ళో పద్ధతట. పాలతల్లిని పాలు అడిగినవాళ్ళు తమ పాలు విడిచిపెట్టాలి. ఏ బిడ్డ నోటికోసం అడిగారో ఆ బిడ్డే, తన చేత్తో, ఎవరూ అడగకుండా పాలు ఇచ్చినదాకా ముట్టకూడదు. ఆ బిడ్డకు చెప్పకూడదు, ఆ బిడ్డకు చేరవేసేవాళ్ళకూ చెప్పకూడదు. చెప్తే అడిగినట్టే. ఒట్టు తీరేదాకా ఈ మాట తెంపబోయేవాళ్ళ చెవిలో తప్ప ఇంకెవరి చెవిలోనూ వేయకూడదు.

పచ్చిపులుసు ముద్దలు, నల్లటి చాయ్, నేను శ్రద్ధగా వేరే వండించిన వంటలు, అన్నీ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. గాలిలో ఆగిపోయిన ఆ చెయ్యి కనిపించింది. పాలంటే ప్రాణం పెట్టే మనిషి, కళ్ళ ముందు మేమంతా తాగుతుంటే, మా గ్లాసులు తానే నింపి ఇస్తూ! ఏడుపొచ్చింది, ఏడుపుకన్నా ముందు కోపమొచ్చింది. నాకైనా చెప్పొద్దా ఇన్నేండ్లు అని అరిచాను. నీ నోరు నాకు తెల్వదా అంది. నేను లోపలికి ఉరికాను, గ్లాసు నిండా పాలు తెచ్చి ఆమె ముందు పట్టాను. నేనిస్తున్నా తాగుండ్రి అత్తమ్మా అని బతిమాలాను.

ఆమె నవ్వింది. అంత మెత్తగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

"నీ కోసం తెంపలే పిల్లా. దాని కోసం తెంపిన."

గ్లాసు పక్కన పెట్టాను. నల్లా కింద కాళ్ళూ చేతులూ కడుక్కుని, తడి నేల మీద మోకరించి కొంగు చాచాను. సిగ్గుపడతాననుకున్నాను, పడలేదు. అంత దగ్గరగా ముఖం పెట్టి ఎప్పుడూ చూడలేదు దాన్ని. ఆ చిట్టి ఆకుల చంకల్లో ఇంకా చిట్టి పూలు, వాటి మీద చీమలు. ఇంత పెద్ద మనిషినై ఉండి ఇంత బక్క ప్రాణాన్ని అడుక్కుంటున్నాను. నా మనుమడికోసం, నాకోసం కాదు, అని చెప్పాను. ఆ తరువాత అత్తమ్మ గొణిగిందే నేనూ గొణిగాను. గిల్లినచోట పాలు పొంగి నా వేలికి అంటుకున్నాయి. ఇవాళ పొద్దున చాయ్ ఇచ్చింది ఆ మనుమడే.

నా కూతురికి పాలు పడ్డాయి. పసివాడు పట్టు చిక్కించుకున్నాడు, వాడి బుగ్గలు కదులుతుంటే మేమిద్దరం పనులు మానుకుని చూశాం. చూస్తూ పాలు లేని చాయ్ తాగాం. అమ్మా, నీకేమైందే అని కూతురు అడిగితే అరుగుతలేదు అన్నాను. అత్తమ్మ అటు తిరిగి నవ్వుకుంది. నోరు మూసుకుని ఉండటం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్ళకు తెలుసు. అత్తమ్మ సైగ కూడా చేయనిచ్చేది కాదు. బాలింతకు పాలు తెస్తుంటే లేచి వాకిట్లోకి పోయేది, ఆశగా చూసినట్టు కూడా ఉండకూడదట.

ఒక సాయంత్రం పసివాడు ఆమె ఒళ్ళోనే నిద్రపోయాడు, అందుకే ఆమె లేచి వాకిట్లోకి పోలేకపోయింది. నేను వెల్లుల్లి వేసి కాచిన పాలు తెచ్చి కూతురి చేతికిచ్చాను. అది ఒక గుక్క తాగి ముఖం వికారంగా పెట్టింది. గ్లాసు అటూ ఇటూ తిప్పి, పక్కనే ఉన్న బాపమ్మ ముందు పట్టింది.

"బాపమ్మా, నాతోటి కాదు. గిది జర నువ్వు తాగవే."

బాపమ్మకు పాలు పడవు అనే మాట ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళతో నాలుక కొరికి పట్టుకున్నాను, నెత్తురు రుచి తగిలింది. అత్తమ్మ చెయ్యి ముందుకు వచ్చింది. నెమ్మదిగా. ఈసారి ఎవరూ అడ్డం పడలేదు. గ్లాసు అందుకుంది, కళ్ళు మూసుకుంది, ఎత్తిన గ్లాసు దించకుండా తాగింది. గుటకలు వినిపించాయి. నేను గడపలో నిలబడి విన్నాను.

తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, నావైపు చూసి, "ఎల్లిగడ్డ గింత ఏస్తరా పిల్లా" అంది. "చక్కెరన్న ఎయ్యకపోతివి."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి వంటింట్లోకి పారిపోయాను. కాసేపటికి గోడ పట్టుకుని ఆమె కూడా వచ్చింది. పాలగిన్నె తీసుకుంది, గరిటె తీసుకుంది, పొయ్యి పక్కన నేల మీద చతికిలపడి అడుగున ఉన్న గోకంతా గీక్కుని తినడం మొదలుపెట్టింది. నేను నల్ల చాయ్ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. నాకు పెట్టలేదు. నాకు పెట్టకూడదని మా ఇద్దరికీ తెలుసు.